తరుగు

కొత్తపేటలో ఆ వీధి నిండా ఆసుపత్రులే.
మూడో అంతస్తు, ఐసీయూ అద్దం తలుపు బయట
చెప్పులు విడిచినచోటే నాలుగు రోజుల్నించీ మా సంసారం.
ఫ్లాస్కు, దుప్పటి, అన్నయ్య ఛార్జరు,
అంకమ్మత్త తెచ్చిన విభూది పొట్లం.

లోపల మా నాన్న.
పానకాలు, ఎనభై మూడేళ్ళు,
మిర్చి యార్డులో దడవాయి.
ముప్పై ఎనిమిదేళ్ళు కాటా ముల్లు చూసిన కళ్ళు
ఇప్పుడు ఎటు చూస్తున్నాయో తెలీదు.
ముఖమ్మీద మాస్కు గాలి కొడుతోంది,
సైకిల్ టైరుకి కొట్టినట్టు.

ఊపిరితిత్తుల్లో ఎర్రదుమ్ము. కిడ్నీలు సగం.
గొట్టం వెయ్యాలి, డయాలసిస్ మొదలెట్టాలి,
మీరేమంటారు? అన్నారు.
మేమేమంటాం?
బస్తా ధర అడిగితే చెప్పగలం.

"అన్నీ చేయండి" అన్నాడు అన్నయ్య.
ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు.
ఇరవై ఏళ్ళ కిందట కాటా దగ్గర, అందరి ముందూ
నాన్నతో తగువుపడి యార్డు మానేశాడు.
మాట్లాడాల్సింది ఇంకా మిగిలే ఉంది తనకి.
"వదిలేసి తెచ్చారంటారమ్మా బజార్లో" అంది అత్త.
నేనేమీ అనలేదు.
బిల్లు కాయితం మడతలు పెడుతూ కూర్చున్నా,
ఇక మడత పడనంత చిన్నగా.

రాత్రి డ్యూటీకి డాక్టర్ హిమజ వచ్చింది.
నా కూతురి వయసు.
మా దుప్పటి అంచున కూర్చుంది.
ఏం చేద్దామని అడగలేదు.
"ఆయన ఎలాంటి మనిషి?" అంది.

అంతే, నోళ్ళు విప్పాం.
తరుగు ఎక్కువ తియ్యమన్న షావుకారు కాళ్ళ దగ్గర
కాటా రాయి విసిరేశాడని అత్త.
టిక్కీని చేత్తో తట్టి బరువు చెప్పేవాడని అన్నయ్య,
అరకిలో తేడా వచ్చేది కాదని చెప్తూ చెప్తూ
గోడవైపు తిరిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.
పేరయ్య బాబాయిని ఇరవై రెండు రోజులు
చేతులు మంచానికి కట్టి, గొట్టాలతో ఉంచి
చివరికి గుడ్డలో చుట్టి తెచ్చిన రోజు
నాన్న పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు:
"నా బస్తా అడుగున తాలుకాయలు కలపొద్దర్రా."
నవ్వాం. అమ్మ ఉంది అప్పటికి, అమ్మా నవ్వింది.
మచ్చు చూపించే వెళ్ళాడాయన.
సరుకు గుర్తుపట్టలేదు మేం.

డాక్టరమ్మకి తాలంటే తెలీదు.
రంగు పోయి తొక్క మిగిలిన కాయ, అని చెప్పాను.
బస్తా బరువుకి పనికొస్తుంది. కారం ఉండదు.
ఆ పిల్ల చాలాసేపు తన చేతుల వంకే చూసుకుంది.

తర్వాత చెప్పింది, గొట్టం వేస్తే ఏమవుతుందో,
వెయ్యకపోతే ఏమవుతుందో.
దాచలేదు, భయపెట్టలేదు.
ఆయాసానికి చుక్కల మందుందట.
ఆక్సిజన్ మిషను అద్దెకి దొరుకుతుందట.
ఏ రాత్రయినా ఫోనెత్తుతానంది.

పొద్దున్నే సంతకాలు. అచ్చులో ఉంది:
వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళ్తున్నాము.
ఆ వాక్యం కొట్టేసి
ఆమె పెన్నుతో రాసింది: అందరం మాట్లాడుకున్నాక.
సంబంధం అన్న గీత మీద కూతురు అని రాశాను.
అన్నయ్య కూడా పెన్ను తీసుకున్నాడు,
పట్టుకునే ఉన్నాడు, సంతకం పెట్టలేదు.
స్ట్రెచరు తలవైపు పట్టింది మాత్రం తనే.

నల్లచెరువులో, ఇంటికొచ్చిన మూడోనాడు
తడిదూది పెదాలకి అద్దుతుంటే
గాలి యార్డు వైపునుంచి తిరిగింది.
అందరం తుమ్మాం. పక్కింటి పిల్లలూ తుమ్మారు.
నాన్న ఒక్కడే
కళ్ళు మూసుకుని, మెల్లగా
లోపలికి పీల్చాడు.
"తేజ" అన్నాడు.

అన్నయ్య చప్పున లేచి వెళ్ళాడు,
వీధి చివర ఏ లారీ ఆగిందో
చూసి రావడానికి.